తాడు కట్టుకోనివ్వని ఓనరును వదిలెయ్, పనిని మాత్రం వదలకు

ప్రశ్న: సార్, మాది కదిరి దగ్గర పల్లె. నాకు 24 ఏళ్ళు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యి రెండేళ్ళుగా ఒక సోలార్ వెండర్ దగ్గర ఇళ్ళ మీద ప్యానెళ్ళు బిగించే పనికి పోతున్నా. రోజుకు 700 ఇస్తారు. ప్యానెళ్ళ కింది లోహపు చట్రం (స్ట్రక్చర్) నిలబెట్టడం, ప్యానెళ్ళు మోయడం, క్లాంపులు బిగించడం అన్నీ వచ్చు. ప్యానెళ్ళ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ దగ్గరికి మాత్రం రానివ్వరు, అది సీనియర్ చూసుకుంటాడు. పోయిన శ్రావణంలో మా జతగాడొకడు రేకుల షెడ్డు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఓనరు ఆస్పత్రికి 30 వేలు కట్టి చేతులు దులుపుకున్నాడు. మేము బెల్టు, తాడు అడిగితే 'అవన్నీ కట్టుకుంటా కూర్చుంటే రోజుకో సైటు ఎట్లయితాది' అంటాడు. అప్పటి నుంచి మా అమ్మ ఈ పనే వద్దంటోంది. ఎన్‌పీ కుంట సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే పనుంది, నెలజీతం, నేల మీదే పని కదా, అక్కడికి పో అంటోంది. మామేమో గల్ఫ్‌కు పొమ్మంటున్నాడు. స్నేహితుడు మూడు లక్షలు అప్పు తెచ్చి మనమే వెండర్లమవుదాం అంటాడు. సబ్సిడీ ఉన్నన్నాళ్ళే ఈ పని, తర్వాత ఈగలు తోలుకోవాల్సిందే అని ఊళ్ళో అంటున్నారు. నిజంగా ఈ పనికి బతుకుందా? నేనేం చెయ్యాలి?

సమాధానం:

తమ్ముడూ, ఈ పనికి బతుకుంది. మీ ఓనరు దగ్గర మాత్రం లేదు. మీ అమ్మ ఈ రెంటినీ కలిపి చూస్తోంది. ఆమెను తప్పు పట్టలేం, ఆమెకు కళ్ళెదుట కనబడుతోంది మంచం మీదున్న మీ జతగాడే. అందుకే పైసల సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు డాబా సంగతి.

రోజుకో సైటు ఎట్లయితాది అన్నాడు కదా మీ ఓనరు. మూడు కిలోవాట్ల ఇల్లంటే ఆరు ప్యానెళ్ళు. ఒంటికి పట్టే హార్నెస్ బెల్టు వేసుకోవడానికి ఐదు నిమిషాలు, లైఫ్‌లైన్ (గట్టి ఆధారానికి కట్టే తాడు) కట్టుకోవడానికి ఇంకో ఇరవై నిమిషాలు. అరగంట కూడా పట్టని పనికి రోజు పాడవుతుందనే మనిషికి, అసలు కష్టం టైముతో కాదు, ఖర్చుతో. ఆ ఖర్చూ ఎంతని? రెండు మంచి హార్నెస్‌లు తాళ్ళతో సహా ఒక్క ప్యానెల్ ధర కూడా కావు.

నడుముకు చుట్టుకునే పాత బెల్టు ఇస్తే తీసుకోవద్దు. పడ్డప్పుడు బరువంతా నడుము మీదే పడుతుంది. భుజాలు, తొడలు కలిపి పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి, దాని మీద ఐఎస్ 3521 అని ఉండాలి. తాడుకు రెండు కొక్కేలుండాలి, ఒకటి తీసి ముందుకు మార్చేటప్పుడు రెండోది తగిలే ఉంటుంది. ఇక కొక్కెం ఎక్కడ తగిలించావన్నదే అసలు సంగతి. ఇంకా బోల్టులు బిగించని స్ట్రక్చర్‌కు తగిలిస్తే అది నీతోపాటే కిందికొస్తుంది. పిట్టగోడకు పట్టీలేసి నిలబెట్టిన పైపూ అంతే. మెట్ల గది పిల్లర్ చుట్టూనో, నీళ్ళ ట్యాంకు కింది కాంక్రీటు పిల్లర్ చుట్టూనో తిప్పి కట్టిన తాడును నమ్మొచ్చు.

రేకుల షెడ్డు సంగతి ఇంకా వేరు. సిమెంటు రేకు మనిషి బరువు మోయదు. అది గట్టిగా ఉండేది కింద రేకును మోసే అడ్డ కమ్మీ (పర్లిన్) మీద ఆనినచోటే. పైనుంచి పర్లిన్ కనబడదు, దాన్ని పట్టుకున్న హుక్కు బోల్టుల వరస కనబడుతుంది. నడక ఆ వరస మీదే సాగాలి, అదీ వెడల్పాటి పలకలు పరుచుకుని. మీ జతగాడు ఎట్లా పడ్డాడో నువ్వు రాయలేదు. ఇట్లాంటి షెడ్లలో ఎక్కువగా జరిగేది ఒకటుంది. లోపలికి వెలుతురు రావాలని మధ్యమధ్య ఫైబర్ రేకులు వేస్తారు. కొన్నేళ్ళకు వాటి మీద దుమ్ము పేరుకుని, ఎండకు మాడి, పక్కనున్న రేకు రంగులోకే వచ్చేస్తాయి. పైన నిలబడి చూస్తే ఏది సిమెంటు రేకో ఏది ఫైబరో తేడా తెలీదు, కాలు పెట్టాకే తెలుస్తుంది. అందుకని నిచ్చెన ఎక్కేముందు షెడ్డు లోపలికి పోయి తలెత్తి చూడు. వెలుతురు ఏ రేకులోంచి పడుతోందో, కొస నుంచి అది ఎన్నో రేకో లెక్కపెట్టుకుని, పైకెక్కాక కొసలో పలక మీద నుంచే సుద్దతో గుర్తు పెట్టు. రెండు నిమిషాల పని. దీనికి ఓనరు అనుమతి కూడా అక్కర్లేదు.

మీ వైపు ఆషాఢం గాలి గురించి నీకు నేను చెప్పాలా? ఇప్పుడొస్తున్న 540 వాట్ల ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, మూడున్నర అడుగులకు పైగా వెడల్పు, ఇరవై ఎనిమిది కిలోల దాకా బరువు. రెండు వైపులా గ్లాసున్నదైతే ఇంకా ఎక్కువ. దాన్ని నిలబెట్టి మోస్తున్నప్పుడు గాలి కొట్టిందంటే పడవ తెరచాపే, మోసేవాణ్ణి అంచు దాకా నెట్టుకుపోతుంది. గాలి రోజుల్లో పొద్దున్నే ఎక్కించేసుకోవాలి, ఇద్దరు పట్టుకోవాలి, పడుకోబెట్టి మొయ్యాలి. క్లాంపు పడని ప్యానెల్‌ను వదిలేసి టీ తాగడానికి దిగకూడదు. ఎండాకాలం ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా దిగిపోవాలి. మధ్యాహ్నం గ్లాసు, అల్యూమినియం ఫ్రేము చేతులు కాల్చేంత వేడెక్కుతాయి, చెమటకు పట్టు జారుతుంది.

ఇదంతా ఓనరుతో గొడవ పెట్టుకోకుండా ఒకసారి అడిగి చూడు. నువ్వొక్కడివే కాదు, ముఠాలో అందరూ కలిసి. తాడిస్తే ఉంటాం, లేకపోతే ఈ నెలాఖరు దాకానే అని. రెండేళ్ళ పనితనమున్న ఐటీఐ కుర్రాళ్ళు నలుగురు ఒకేసారి పోతామంటే ఏ వెండరూ తేలిగ్గా తీసుకోలేడు, ఇప్పుడు మనుషులు దొరకడమే కష్టంగా ఉంది. అయినా ఇవ్వనన్నాడా, మానెయ్. కదిరి, పుట్టపర్తి, అనంతపురం, హిందూపురం తిరిగితే ఇంకో వెండర్ దొరక్కపోడు.

మీ జతగాడి విషయం నువ్వు ఒక్క వాక్యంలో రాసి దాటేశావు, నేను దాటలేను. ఆ ముప్ఫై వేలు ఓనరు దయాధర్మం కాదు. పని చేస్తుండగా జరిగిన ప్రమాదానికి యజమాని నష్టపరిహారం ఇచ్చి తీరాలన్నది 1923 నుంచీ ఉన్న చట్టం, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. దినకూలీకైనా వర్తిస్తుంది. వయసు, కూలి, ఎంత వైకల్యం మిగిలిందన్నదాన్ని బట్టి లెక్క కడతారు. తుంటి విరిగి మళ్ళీ డాబా ఎక్కలేని కుర్రాడికి అది ముప్ఫై వేలకంటే చాలా ఎక్కువే వస్తుంది. 'వాడు నా మనిషి కాదు, సబ్ కాంట్రాక్టర్ మనిషి' అన్నా తప్పించుకోవడం కుదరదు, పని అప్పగించినవాడికీ బాధ్యత ఉంటుంది. రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టుకోవాలి, కాబట్టి ఇంకా టైముంది. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, కూలి డబ్బులు ఫోన్‌పేలో పడ్డ వివరాలు, సైటుకు రమ్మని ఓనరు పెట్టిన వాట్సాప్ మెసేజీలు, ఆ షెడ్డు మీద ఎప్పుడో తీసుకున్న ఫోటోలు, ఇవన్నీ సాక్ష్యాలే. అవి పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు పోవాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. సాక్షిగా నువ్వు నిలబడాల్సి వస్తుంది. ఆ ఓనరు దగ్గరే కూలి తీసుకుంటూ నిలబడగలవా లేదా అన్నది నువ్వే తేల్చుకోవాలి. నీ పాత కూలి బాకీలేమైనా ఉంటే ముందు వసూలు చేసుకో.

ఇక సబ్సిడీ. ఊళ్ళో అంటున్నదాంట్లో నిజం కొంత ఉంది. ఇళ్ళ మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది, కోటి ఇళ్ళు లక్ష్యం. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేలు, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం 78 వేలకు మించదు. దీనికి పెట్టుకున్న గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా. ఆ తర్వాత పొడిగించొచ్చు, తగ్గించొచ్చు, మన చేతుల్లో లేదు. సబ్సిడీ ఆగితే కొత్త ఇళ్ళ జోరు తగ్గుతుంది, ప్యానెళ్ళు మోసి క్లాంపులు బిగించే మనుషుల అవసరమూ తగ్గుతుంది. నువ్విప్పుడున్నది ఆ మనుషుల్లోనే. నాకు భయం వేసేది అక్కడే.

కానీ ఇప్పటికే ఇళ్ళ మీదకెక్కినవి ఎక్కడికి పోతాయి? ప్యానెల్‌కు కంపెనీ పాతికేళ్ళు గ్యారంటీ ఇస్తుంది. ఇన్వర్టర్ అంత కాలం రాదు, మధ్యలో మార్చాల్సిందే. ఈ పథకం కింద పెట్టిన వెండర్ ఐదేళ్ళ పాటు మెయింటెనెన్స్ చూడాలని ఒప్పందంలోనే ఉంటుంది. ఎంతమంది చూస్తున్నారో నీకు తెలుసు. సైటు అప్పగించి ఫోటో దిగాక ఫోన్ ఎత్తే వెండర్ అరుదు. అక్కడుంది నీకు పని, రాబోయే పాతికేళ్ళ పని.

కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు రావాలి. మూడు కిలోవాట్ల ఇంటికి మంచి ఎండ రోజున పన్నెండు రావాల్సింది ఏడో ఎనిమిదో వస్తున్నాయని ఇంటాయన ఫోన్ చేస్తాడు. కారణం ఏదైనా కావచ్చు. దుమ్ము పేరుకుని ఉండొచ్చు. పక్కింటాయన కొత్తగా అంతస్తు లేపితే సాయంత్రం నీడ పడుతుండొచ్చు. కోతులు కేబుల్ లాగేసి ఉండొచ్చు, మన ఊళ్ళలో కోతుల కంప్లయింటు ఏ పుస్తకంలోనూ ఉండదు గానీ సర్వీసుకు పోయేవాడికి మామూలే. తొలకరి వాన పడగానే ఇన్వర్టర్ ఇన్సులేషన్ ఫాల్ట్ చూపించి ఆగిపోయిందంటే, ఎక్కడో కేబుల్ ఒరిసి స్ట్రక్చర్‌కు తగులుతోందన్నమాట. పగటిపూట మాటిమాటికీ ఆగి మళ్ళీ మొదలవుతుంటే గ్రిడ్ ఓల్టేజీ చూడు, లైను చివర ఉన్న ఇళ్ళలో ఎండ వేళ అది పెరిగిపోయి ఇన్వర్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అది ప్యానెళ్ళ తప్పు కాదు, కరెంటు పంపిణీ సంస్థ డిస్కం వాళ్ళకు రాసి ఇవ్వాల్సిన సంగతి. ఇంకొందరు 'కరెంటు పోతే సోలార్ కూడా పోతోంది, మోసం చేశారు' అని తిట్టడానికే ఫోన్ చేస్తారు. బ్యాటరీ లేని గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగిపోవాలి, లేకపోతే లైను ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగులుతుంది. ఈ ముక్క ఇంటాయనకు అర్థమయ్యేలా చెప్పగలిగితే నీకు ఆ వీధిలో ఇంకో నాలుగిళ్ళు వస్తాయి.

ఇదంతా చేయాలంటే నిన్ను రానివ్వని ఆ ఇన్వర్టర్ దగ్గరికి నువ్వు చేరాలి. కూలికీ టెక్నీషియన్‌కూ తేడా అక్కడే. సీనియర్ కమిషనింగ్ (బిగించాక పరీక్షించి ఆన్ చేయడం) చేసేటప్పుడు పక్కన నిలబడు, రీడింగులు నేను రాస్తానని అడుగు. కాగితం, పెన్ను పట్టుకున్నవాణ్ణి ఎవరూ పొమ్మనరు. స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్ళు) ఓల్టేజీ ఎంత, పోలారిటీ (ప్లస్, మైనస్) సరిగ్గా ఉందా, ఎర్త్ రీడింగు ఎంత వచ్చింది, అన్నీ రాసుకో. ఐటీఐలో నువ్వు నేర్చుకున్నది ఎక్కువగా ఏసీ, అంటే ఇంటి లైన్ల కరెంటు. ప్యానెళ్ళ నుంచి వచ్చే డీసీ వేరు. ఆ 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటి యాభై ఓల్టులకు కాస్త అటూ ఇటూ ఇస్తుంది, ఆరు వరసగా కలిపితే మూడు వందలు. ఎండ ఉన్నంతసేపూ దాన్ని ఆపే స్విచ్చి మన ఇళ్ళ సైట్లలో మామూలుగా ఉండదు. ఎంసీబీ దించినా ప్యానెళ్ళ వైపు వైరులో ఓల్టేజీ అట్లాగే ఉంటుంది. ఏసీలో కనెక్షన్ విప్పినప్పుడు లేచే మంటకు, కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి, ఆరే అవకాశం ఉంటుంది, డీసీకి ఆ సున్నా లేదు, ఒకసారి మంట పట్టుకుంటే పట్టుకున్నట్టే. అందుకే నడుస్తున్న స్ట్రింగ్‌లో ఎంసీ4 కనెక్టర్ (ప్యానెళ్ళ వైర్లను కలిపే ప్లగ్గు) ఊడబీకకూడదు. ముందు ఏసీడీబీ (ఇంటి కరెంటు వైపు స్విచ్చిల పెట్టె) ఆపాలి, తర్వాత ఇన్వర్టర్ డీసీ స్విచ్చి తిప్పాలి, క్లాంప్ మీటర్ పెట్టి కరెంటు సున్నా అయిందని చూశాకే కనెక్టర్ మీద చెయ్యి వెయ్యాలి. డీసీడీబీలో (ప్యానెళ్ళ వైపు పెట్టెలో) చవగ్గా వస్తుందని ఏసీ ఎంసీబీ పెట్టినవాళ్ళు కనబడితే చెప్పు, వినకపోతే ఆ సైటులో నీ చెయ్యి పెట్టకు.

కనెక్టర్ గురించి ఇంకాస్త చెబుతాను, ఎందుకంటే సర్వీసుకు వచ్చే కంప్లయింట్లలో కాలిపోయిన కనెక్టర్ తరచుగా ఉంటుంది, అది బిగించినవాడి చేతి చలవే. ఫోర్ స్క్వేర్ (నాలుగు చదరపు మిల్లీమీటర్ల) కేబుల్ పైతొడుగు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఒలవాలి, లోపలి పోగు ఒక్కటీ తెగకూడదు. పిన్నులో పెట్టి క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. ఆ టూల్ పూర్తిగా నొక్కేదాకా నోరు తెరవదు, అందుకే దానికా ధర. కటింగ్ ప్లేయర్‌తో నొక్కి 'అయిపోయింది' అనేవాళ్ళను నువ్వు రోజూ చూస్తుంటావు. నొక్కాక పిన్నును ఒకసారి లాగి చూడు. తర్వాత హౌసింగ్‌లోకి టక్కుమనేదాకా తోసి, వెనక నట్టు స్పానర్‌తో బిగించు. ప్యానెల్‌కు వచ్చిన కనెక్టర్ ఏ కంపెనీదో నువ్వు కట్టేదీ అదే కంపెనీది కావాలి. వేరువేరు కంపెనీలవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాంట్లో ఒకటి దూరుతాయి కూడా. లోపల పిన్ను పట్టు సరిపోక వేడెక్కుతాయి, ఏడాది రెండేళ్ళకు కరుగుతాయి. అప్పటికి వెండర్ ఫోన్ ఎత్తడు.

పార్కు ఉద్యోగం మాట. మీ అమ్మకు నేల మీద పని అంటే ధైర్యం, సహజమే. కానీ పార్కులు ఎట్లా నడుస్తాయో చూడు. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది, ఆరు వేల ఎకరాలకు దగ్గర. కట్టేటప్పుడు వేలమందికి పని, కట్టడం అయ్యాక కాపలా, గడ్డి కోత, కడగడం, కొద్దిమంది టెక్నీషియన్లు. మీ ఎన్‌పీ కుంటలోనూ అదే తీరు. కడిగే పనిలో నీ ఐటీఐకి విలువ లేదు, ఆ పనికి కొన్నిచోట్ల రోబోలు కూడా వచ్చేశాయి. ఆ గేటు దగ్గరికి పోతే టెక్నీషియన్ పోస్టు అడుగు, స్ట్రింగులు పరీక్షించే పని, ఇన్వర్టర్ రూము పని, ట్రాన్స్‌ఫార్మర్ యార్డు పని. పీఎఫ్, ఈఎస్ఐ ఉండి ఆ పని దొరికితే మీ ఓనరు కంటే వెయ్యి రెట్లు నయం, కళ్ళు మూసుకుని చేరు. కడగడానికైతే వద్దు.

మూడు లక్షల అప్పుతో వెండర్ అవుదామన్న స్నేహితుడికి నా తరఫున నమస్కారం చెప్పు. వెండర్‌గా డిస్కంలో నమోదవ్వాలంటే బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. సబ్సిడీకి దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్ళే వాడాలి, వాటి ధర మామూలువాటికంటే ఎక్కువ, డిస్ట్రిబ్యూటర్ అప్పివ్వడు. సబ్సిడీ నీకు రాదు, కమిషనింగ్ అయ్యాక ఇంటాయన ఖాతాలో పడుతుంది. ఇంటాయన బ్యాంకు లోను మంజూరయ్యేదాకా, ఇచ్చిన కరెంటూ వాడిన కరెంటూ లెక్కగట్టే నెట్ మీటర్ వచ్చేదాకా నీ డబ్బు డాబా మీద ఎండుతుంటుంది. మూడు కిలోవాట్ల సైట్లు రెండు ఒకేసారి తగిలాయంటే మీ మూడు లక్షలు అయిపోతాయి. మూడో ఇంటికి వడ్డీకి తెస్తారు. ఆ పైన ఐదేళ్ళ మెయింటెనెన్స్ బాధ్యత మీ నెత్తిన. డబ్బున్నవాళ్ళ ఆట అది. మీరిద్దరూ కలిసి చేయగలిగింది ఇంకొకటుంది. వెండర్ల దగ్గర సామానంతా వాళ్ళదే పెట్టుకోమని, కిలోవాటుకు ఇంత అని బిగింపు పని ఒప్పుకోండి. దాంతోపాటు పాత సైట్ల సర్వీసు. పెట్టుబడి పనిముట్లే. రెండేళ్ళు అట్లా చేశాక, ఏ నెలలో డబ్బు ఎక్కడ ఆగుతుందో ఒంటికి తెలిశాక, వెండర్ మాట మళ్ళీ ఎత్తండి.

ఆ పనిముట్లు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. బజార్లో చవగ్గా దొరికే క్లాంప్ మీటర్ ఏసీ కరెంటు మాత్రమే చూపిస్తుంది. డీసీ ఆంపియర్లు కూడా చూపేదే కావాలని అడిగి, కొట్లోనే చూసి కొను. మల్టీమీటర్ వెయ్యి ఓల్టుల డీసీ తట్టుకునేది కావాలి, దాని వైర్లు కూడా. క్రింపింగ్ టూల్ సంగతి చెప్పాను. ఇన్సులేషన్ టెస్టర్ తర్వాత కొనుక్కోవచ్చు.

గల్ఫ్‌కు పోవద్దని అనను. అక్కడా పెద్ద సోలార్ ప్లాంట్లు ఉన్నాయి, మనవాళ్ళు చేస్తున్నారు. హెల్పర్‌గా పోతే హెల్పర్ జీతమే, అప్పు తీరేసరికి రెండేళ్ళు. పోయేదేదో డీసీ పని నేర్చుకుని, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని టెక్నీషియన్ వీసా మీద పో. ఏజెంటు పేరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైట్లో ఉందో లేదో చూసుకో. చట్ట ప్రకారం ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతే. లక్షా లక్షన్నర అడిగాడంటే మీ మామకు ఆ ఏజెంటు చుట్టమైనా సరే, వద్దు.

సర్టిఫికెట్ అన్నాను కాబట్టి చెబుతున్నా, సూర్యమిత్ర అని కేంద్రం ఇచ్చే ఉచిత శిక్షణ ఉంది, 600 గంటలు, ఉండటం తిండి వాళ్ళదే. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ నడిపిస్తుంది, రాష్ట్రాల్లోని సెంటర్లలో బ్యాచ్‌లు వేస్తారు. ఎప్పుడు, ఎక్కడ పడుతుందో అనంతపురంలోని ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (రాష్ట్ర ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ, పాత పేరు నెడ్‌క్యాప్) ఆఫీసులో కనుక్కో. మూడు నెలల కూలి పోతుందే అని ఆలోచిస్తావేమో, స్ట్రక్చర్ పని నీకు వచ్చే కాబట్టి అక్కడ మీటర్లు, ఇన్వర్టర్లు ముందుంచుకునే రోజులే నీకు లాభం. దానికంటే ముందు విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్‌కు పెట్టుకో. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు పర్మిట్ లేకుండా తిరగడమేమిటి? రేపు నువ్వు ఏ ఇంట్లో ఏసీ వైపు చెయ్యి పెట్టినా అడిగేది అదే.

మీ అమ్మతో వాదించకు. హార్నెస్ ఇంటికి తెచ్చి చూపించు, ఎట్లా కట్టుకుంటావో ఒకసారి వాకిట్లో వేసుకుని చూపించు. పెళ్ళి సంబంధాలవాళ్ళు 'అబ్బాయి డాబాలెక్కుతాడంట' అంటారని కూడా ఆమె మనసులో ఉండొచ్చు, పర్మిట్ వచ్చాక 'సోలార్ టెక్నీషియన్' అని చెప్పమను. ఇంకొక పని మాత్రం వాయిదా వెయ్యకు. నీకు ఖాతా ఉన్న బ్యాంకులో ప్రధానమంత్రి సురక్ష బీమా ఫారం ఉంటుంది, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి రెండు లక్షలు. డబ్బు పెద్దదేం కాదు, ఓనరు ఇవ్వాల్సిన పరిహారానికి ఇది బదులూ కాదు. ఈ సోమవారం పనికి పోయే దారిలో బ్యాంకు దగ్గర ఆగి సంతకం పెట్టి, నామినీ దగ్గర అమ్మ పేరు రాయి. మీ ముఠాలో మిగతావాళ్ళనూ వెంట తీసుకెళ్ళు.